బ్యాలెన్స్ పాయింట్ వెనక్కి తెస్తే స్వింగ్ తేలికవుతుందా?

స్కీట్_కొత్త

అందరికీ నమస్కారం. నాది 32 అంగుళాల బ్యారెల్ ఓవర్ అండర్ (ఒకదాని మీద ఒకటిగా రెండు బ్యారెళ్లుండే షాట్‌గన్), బరువు 3.7 కిలోలు. ట్రాప్ (గాల్లోకి విసిరే బిళ్ల, అంటే క్లే, మన ముందు నుంచి దూరంగా పోయే ఆట) కోసం తీసుకున్నాను, ట్రాప్‌లో దాంతో ఏ ఇబ్బందీ లేదు. ఈ మధ్య స్కీట్ (క్లేలు రెండు పక్కల నుంచి అడ్డంగా వచ్చే ఆట) కూడా మొదలుపెట్టాను. సింగిల్స్ పర్వాలేదు. డబుల్స్‌లో మొదటి క్లే కొట్టి రెండో దానికోసం గన్‌ని ఎదురు దిక్కుకి తిప్పాల్సి వచ్చినప్పుడే బ్యారెల్ మొరాయిస్తోంది. కదలడానికి ఆలస్యం, ఒకసారి కదిలిందంటే క్లేని దాటిపోతోంది.

బ్యాలెన్స్ పాయింట్ చూస్తే హింజ్ పిన్‌కి (గన్‌ని విరిచి తెరిచే చోట ఉండే కీలుకి) 2 సెంటీమీటర్లు ముందుంది. రేంజ్‌లో ఒక పెద్దాయన స్టాక్ (భుజానికి ఆనే చెక్క భాగం) లోపల ఒక సీసం ముక్క వేసి బ్యాలెన్స్‌ని సరిగ్గా పిన్ మీదకి తెచ్చుకోమన్నారు. అలా చేస్తే స్వింగ్ నిజంగా తేలికవుతుందా? చేసి చూసినవాళ్లు చెప్పగలరు.

పాత_డబుల్

పెద్దాయన చెప్పింది సరైన మాట. విరిచి తెరిచే గన్ ఏదైనా సరే, మూసిన గన్‌ని హింజ్ పిన్ దగ్గర వేలి మీద ఆనిస్తే నిలబడాలి. ముందుకు ఒరిగితే మూతి బరువు, వెనక్కి ఒరిగితే మూతి తేలిక. మంచి గన్ చేసేవాళ్లు తరతరాలుగా చూస్తున్న లెక్క ఇదే. 2 సెం.మీ. అంటే చిన్న తేడా కాదు. వేసి చూడండి, చేతికే తెలుస్తుంది.

లోహిత

చేతికి తెలుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ చేతికి తెలిసేది గన్ ఎత్తేటప్పుడు. ఆయన అడుగుతున్నది గన్ భుజానికి చేరాక తిప్పడం గురించి. ఆ రెండూ ఒకటేనా అన్నది నాకూ ఎప్పటినుంచో ఉన్న సందేహం. ఫిజిక్స్ మాస్టారు ఉంటే ఒకసారి ఇటు రావాలి.

ఫిజిక్స్_మాస్టారు

వచ్చానమ్మా. లోహిత గారు పట్టుకున్న పాయింటే అసలైనది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

గన్ విషయంలో మనం కలిపేసి మాట్లాడే సంగతులు మూడున్నాయి. మొత్తం బరువు, బ్యాలెన్స్ పాయింట్, ఆ బరువు గన్ పొడవునా ఎలా పరుచుకుని ఉంది అన్నది. మొదటి రెండూ కాటాతోనూ వేలితోనూ తేలిపోతాయి. మూడోదే స్వింగ్‌ని నడిపిస్తుంది, అది వేలి మీద నిలబెడితే కనపడదు. ఇంటర్లో చదువుకున్న జడత్వ భ్రామకం ఇదే. తిరిగే కేంద్రం నుంచి దూరాన్ని వర్గం చేసి బరువుతో గుణించాలి. దూరం రెట్టింపైతే ప్రభావం నాలుగు రెట్లు అవుతుంది.

కావడి మోసేవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. రెండు కుండలూ బద్ద చివర్లకి వేలాడుతుంటే, కావడి భుజం మీద సమంగా నిలబడినా, మలుపు తిరగాలంటే అతను నెమ్మదించాల్సిందే. అవే కుండల్ని భుజానికి దగ్గరగా జరిపితే బరువూ అంతే, సమతూకమూ అంతే, కానీ చటుక్కున తిరగగలడు.

ఇప్పుడు గన్‌కి లెక్క కడదాం. బ్యాలెన్స్ పాయింట్ నుంచి 70 సెం.మీ. ముందు, అంటే మూతి దగ్గర, 50 గ్రాములు పెట్టాం అనుకోండి. దాన్ని సరితూచడానికి 40 సెం.మీ. వెనక, స్టాక్ బోల్ట్ రంధ్రంలో, 87.5 గ్రాములు పెట్టాలి. బ్యాలెన్స్ పాయింట్ చెక్కుచెదరదు. కానీ జడత్వ భ్రామకానికి ముందు వైపు 50×4900, వెనక 87.5×1600, కలిపి 3,85,000 యూనిట్లు చేరాయి. అదే 137.5 గ్రాముల్ని సగం సగం చేసి పాయింట్‌కి అటూ ఇటూ 10 సెం.మీ. లోపల, రెండు చేతుల మధ్య పెడితే చేరేది 13,750 మాత్రమే. ఒకే బరువు, ఒకే బ్యాలెన్స్, స్వింగ్ మీద ప్రభావంలో 28 రెట్ల తేడా.

అందుకే "పిన్ మీద నిలబడింది కాబట్టి చురుకైన గన్" అనే మాటతో నేను ఏకీభవించలేను. రెండు గన్‌లు పిన్ మీదే నిలబడి, ఒకటి చురుగ్గా, ఇంకొకటి మందంగా ఉండొచ్చు.

పాత_డబుల్

లెక్క కాదనను మాస్టారూ. కానీ వెనక సీసం వేసినవాళ్లు అందరూ గన్ తేలికైందనే అంటారు. అది భ్రమ అంటారా?

ఫిజిక్స్_మాస్టారు

భ్రమ కాదు. గన్ భుజానికి చేరకముందు మీ కుడి చెయ్యి పిస్టల్ గ్రిప్ దగ్గర ఇరుసులా పనిచేస్తుంది. దానికి వెనక చేర్చిన బరువు తులాభారంలా ముందుని పైకి లేపుతుంది, ఎడమ చేతి మీద భారం నిజంగానే తగ్గుతుంది. మౌంట్ (గన్‌ని భుజానికి ఎత్తడం) హాయిగా అనిపించేది అందుకే.

బట్ (స్టాక్ వెనక కొస) భుజంలో కూర్చున్న క్షణం నుంచి కథ మారుతుంది. ఇరుసు ఇప్పుడు చెయ్యి కాదు, భుజం, ఆ వెనక నడుము. బట్ ప్యాడ్ నుంచి 8 సెం.మీ. దూరంలో ఉన్న సీసం భుజానికి ముందే ఉంది కాబట్టి ఎడమ చేతికి సాయం చెయ్యడం మానేస్తుంది. స్వింగ్‌కి అది పెట్టే అడ్డంకి కూడా లెక్కలోకి రానంత చిన్నది. మరి బ్యారెల్ సంగతో? అది ఎక్కడుందో అక్కడే ఉంది. దాని జడత్వం రవ్వంత కూడా తగ్గలేదు.

స్కీట్_కొత్త గారికి నా జవాబు ఇది: స్టాక్‌లో సీసం మీ మౌంట్‌ని మారుస్తుంది, మీ స్వింగ్‌ని తేలిక చెయ్యదు. స్వింగ్ తేలికవ్వాలంటే ముందు నుంచి బరువు తియ్యాలి.

స్కీట్_కొత్త

ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు మాస్టారూ. అయితే ముందు నుంచి ఏం తియ్యగలను? బ్యారెల్ కోయించలేను కదా.

తుపాకీ_వడ్రంగి

బ్యారెల్ జోలికి వెళ్లకండి. ముందు చోక్‌లు (మూతిలో బిగించే, గుళ్లు ఎంత చెదరాలో నిర్ణయించే గొట్టాలు) చూడండి. బయటికి పొడుచుకొచ్చే స్టీలు చోక్‌లా, మూతితో సమంగా లోపలే ఉండేవా? పొడుగువైతే రెండింటినీ తీసి వంటింటి కాటా మీద తూచండి. తర్వాత మామూలు చోక్‌లు తూచండి. తేడా ఎంతుందో ఇక్కడ రాయండి.

స్కీట్_కొత్త

పొడుగువే. తూచాను. రెండూ కలిపి మామూలు వాటికన్నా 30 గ్రాములు ఎక్కువ. ముప్పై గ్రాములకి ఏమవుతుంది?

ఫిజిక్స్_మాస్టారు

చాలా అవుతుంది. భుజం నుంచి మూతి 120 సెం.మీ., ట్రిగ్గర్ 38 సెం.మీ. అనుకోండి. దూరాల వర్గాల నిష్పత్తి దాదాపు 10. అంటే మూతి దగ్గర 30 గ్రాములు, ట్రిగ్గర్ దగ్గర 300 గ్రాములతో సమానం. యాక్షన్‌లోంచి (ట్రిగ్గర్ దగ్గరి లోహ భాగంలోంచి) 300 గ్రాములు తియ్యాలంటే గన్ మార్చుకోవాలి. చోక్ మార్చడం ఒక్క నిమిషం పని.

లోహిత

ఇక్కడ ట్రాప్ వాళ్ల తరఫున ఒక మాట చెప్పాలి. చదువుతుంటే ముందు బరువు అంటేనే తప్పు అన్నట్టు తయారవుతోంది.

నేను ఒలింపిక్ ట్రాప్ ఆడతాను. క్లే మన ముందు నుంచే లేచి దూరంగా పోతుంది, ఎడమకో కుడికో 45 డిగ్రీల లోపే. గన్ ముందే భుజాన ఉంటుంది. బ్యారెల్ తిరగాల్సిన కోణం చిన్నది, కానీ ఆ చిన్న కదలిక వణుకు లేకుండా ఉండాలి. మూతి తేలికైన గన్‌తో నాకు రెండు కష్టాలు. క్లే కోసం పిలవగానే బ్యారెల్ ఎగిరి క్లేని దాటేస్తుంది. దాన్ని సరిచెయ్యబోతే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఆగిపోతుంది, గుళ్లు క్లే వెనక్కి పోతాయి. ముందు కొంచెం బరువుంటే ఒకసారి కదిలిన బ్యారెల్ తన దారిన తాను సాగుతుంది, ఫాలో త్రూ (కాల్చాక కూడా బ్యారెల్ ఆగకుండా సాగడం) కోసం నేను వేరే తాపత్రయపడక్కర్లేదు.

క్వాలిఫికేషన్‌లో 125 క్లేలు. చివరి రౌండ్లో భుజాలు అలిసిపోయి, టెన్షన్ ఎక్కినప్పుడు, చేతి వణుకుని మింగేసేది ఆ ముందు బరువే. నా గన్‌కి ఫోరెండ్ (బ్యారెల్ కింద ఎడమ చెయ్యి పట్టే భాగం) ముందు బ్యారెల్ కింద చిన్న బరువు అదనంగా పెట్టుకున్నాను కూడా.

గురి

లోహిత గారి మాటే స్కీట్‌కి తిప్పి చెప్తాను. ఇంటర్నేషనల్ స్కీట్‌లో క్లే కనపడేదాకా బట్ కిందే, జాకెట్ మీది గుర్తు టేపుని తాకుతూ ఉండాలి. పిలిచాక 0 నుంచి 3 సెకన్ల లోపు క్లే ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి స్కీట్ వాళ్లకి మౌంట్ మీద హాయీ కావాలి, స్వింగ్‌లో చురుకూ కావాలి. డబుల్స్‌లో ఇంకొకటి ఉంది: ఒక వైపు పోతున్న బ్యారెల్‌ని ఆపడం, ఎదురు దిక్కుకి మళ్లీ కదిలించడం. జడత్వానికి రెండుసార్లు మూల్యం చెల్లిస్తాం. ట్రాప్‌లో సాయపడే బరువే ఇక్కడ అడ్డుపడుతుంది. స్కీట్ గన్‌లు ఎక్కువగా 28, 30 అంగుళాల్లో, ట్రాప్ గన్‌లు 30, 32 అంగుళాల్లో కనపడటం వెనక కారణం ఇదే.

అయినా స్కీట్_కొత్త గారూ, ఏమీ కొనకుండా, ఏమీ విప్పకుండా చూసుకోగలిగినవి రెండున్నాయి. మీ ఎడమ చెయ్యి ఫోరెండ్ మీద ఎక్కడుంటుంది? ముందుకి చాపి పట్టుకుంటే అదుపు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. ట్రాప్ అలవాటున్నవాళ్లు చాలామంది అలాగే పడతారు. ఒక నాలుగు వేళ్ల వెడల్పు వెనక్కి తెచ్చి చూడండి. చెయ్యి కొంచెం కదిలినా మూతి ఎక్కువ దూరం కదులుతుంది. రెండోది, మొదటి క్లేని ఎక్కడ కొడుతున్నారు? ఆలస్యంగా, దాన్ని చాలా దూరం పోనిచ్చి కొడితే బ్యారెల్ వెనక్కి రావాల్సిన దూరం పెరుగుతుంది. డబుల్స్‌లో కష్టం సగం అక్కడే పుడుతుంది.

సెమీఆటో_వీరుడు

ఓవర్ అండర్ వాళ్ల మధ్య నా ప్రశ్న. నాది గ్యాస్ సెమీ ఆటో (పేలిన తూటా గ్యాస్‌తో తర్వాతి తూటాని తానే ఎక్కించుకునే గన్), 28 అంగుళాలు. బ్యారెల్ ఒక్కటే కదా, రెండు బ్యారెళ్ల గన్‌కన్నా తేలిగ్గా తిరగాలి. కానీ ముందు బరువుగానే అనిపిస్తుంది. ఎందుకంటారు?

తుపాకీ_వడ్రంగి

బ్యారెల్ ఒకటే, కానీ దాని కింద ఏముందో చూడండి. మ్యాగజైన్ ట్యూబు, స్ప్రింగు, పిస్టన్, గ్యాస్ సిలిండరు, చివర క్యాపు. ఇవన్నీ ఫోరెండ్ లోపల, ఎడమ చేతి చుట్టూ, కొంత దానికి ముందు. పైగా రిసీవర్ (తూటా మార్చే యంత్రం ఉండే భాగం) పొడుగు వల్ల అదే 28 అంగుళాల బ్యారెల్‌కి మూతి ఇంకా ముందుకి పోతుంది. 28 అంగుళాల సెమీ ఆటో మొత్తం పొడవులో 30, 31 అంగుళాల ఓవర్ అండర్ పక్కన నిలబడుతుంది. ఇనర్షియా పద్ధతి (గన్ వెనక్కి తన్నే ఊపుతోనే తూటా మార్చుకునే) గన్‌లలో గ్యాస్ సామాను ఉండదు. బెనెల్లి కంపెనీ గన్‌ల లాంటి వాటిలో రికాయిల్ స్ప్రింగు స్టాక్ లోపలే ఉంటుంది. అందుకే వాటి ముందు భాగం సన్నగా, తేలిగ్గా అనిపిస్తుంది.

ఇంకో సంగతి, సెమీ ఆటోలో బరువు నిలకడగా ఉండదు. ట్యూబులో ఉన్న తూటా మొదటి షాట్ తర్వాత వెనక్కి, చాంబర్లోకి వస్తుంది. ఒక్కో తూటా సుమారు 40 గ్రాములు. క్లే ఆటలో ట్యూబులో ఉండేది ఒక్కటే కాబట్టి తేడా పెద్దగా తెలియదు. ట్యూబు నిండా వేసుకుంటే మాత్రం ప్రతి షాట్‌కీ గన్ స్వభావం కొద్దికొద్దిగా మారుతూనే ఉంటుంది.

సెమీ ఆటోకి ఒక సౌకర్యం కూడా ఉంది. చాలా మోడళ్లకి మ్యాగజైన్ క్యాప్ స్థానంలో బిగించే బరువులు దొరుకుతాయి. విప్పి వేసి చూసుకోవచ్చు. ఇనర్షియా గన్‌కి బరువు చేర్చేటప్పుడు జాగ్రత్త: ఆ పద్ధతి గన్ వెనక్కి తన్నడం మీదే ఆధారపడి పనిచేస్తుంది. గన్ బరువు బాగా పెరిగితే వెనక్కి కదలడం తగ్గి, తేలిక తూటాలతో తూటా మార్చడంలో తడబడొచ్చు.

పాత_డబుల్

మరి పొట్టి బ్యారెళ్ల సంగతేంటి? 1920ల్లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ చర్చిల్ అనే గన్ తయారీదారు 25 అంగుళాల బ్యారెళ్ల గన్‌లని ప్రచారం చేశాడు. అప్పటిదాకా 30 అంగుళాలు మామూలు. చురుకే కావాలంటే అందరూ దానికే వెళ్లాలి కదా? క్లే ఆటల్లో అది నిలబడలేదు.

గురి

చర్చిల్ గన్ ఆయన కొట్టే పద్ధతికి సరిపోయేది. పిట్ట మీదే చూపు పెట్టి, మౌంట్ చేస్తూనే చటుక్కున కొట్టెయ్యాలి. లీడ్ (లక్ష్యానికి ఎంత ముందు కొట్టాలన్న దూరం) కొలుచుకుంటూ వెంబడించే పని ఉండదు. అలాంటి షాట్‌కి పొట్టి బ్యారెల్ గొప్పగా పనిచేస్తుంది. అడ్డంగా దూరం నుంచి పోయే స్పోర్టింగ్ (రకరకాల కోణాల్లో క్లేలు వచ్చే ఇంకో ఆట) క్లేకి బ్యారెల్‌ని ఒకే వేగంతో ముందు నడిపించాలి. అక్కడ పొట్టి, తేలిక మూతి చేతిలో ప్రతి చిన్న కుదుపునీ క్లే దాకా తీసుకెళ్తుంది. స్పోర్టింగ్‌లో 30, 32 అంగుళాలు ఇంతగా పాతుకుపోవడానికి ప్రధాన కారణం ఇదేనని నా అభిప్రాయం.

పాత_డబుల్

ఇది బాగుంది. గన్ ఏది మంచిదో చెప్పాలంటే ముందు కొట్టే పద్ధతి చెప్పాలన్నమాట. పిన్ లెక్కని నేను పూర్తిగా వదులుకోను. కానీ అది మొదటి పరీక్షే, చివరిది కాదని ఒప్పుకుంటాను.

స్కీట్_కొత్త

మాస్టారూ, రెండు గన్‌ల జడత్వాన్ని ఇంట్లో పోల్చి చూసుకునే మార్గం ఏదైనా ఉందా? మా స్నేహితుడి దగ్గర 28 అంగుళాల స్కీట్ గన్ ఉంది, అడిగితే ఇస్తాడు.

ఫిజిక్స్_మాస్టారు

ఉంది, చాలా సులువు. ముందుగా రెండు చాంబర్లూ ఖాళీ అని మీరు చూడండి, పక్కన ఇంకొకరితో చూపించండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ఇది అయ్యాకే మిగతాది.

బ్యాలెన్స్ పాయింట్‌కి అటూ ఇటూ సరిగ్గా 17 సెం.మీ. దూరంలో రెండు మెత్తటి పట్టీ ఉచ్చులు వేసి, ఒక్కొక్కటి మీటరు పొడవుండే రెండు సమాన తాళ్లతో గట్టి దూలానికి గన్‌ని అడ్డంగా వేలాడదీయండి. తాళ్లు పైన కూడా అంతే ఎడంతో, నిలువుగా ఉండాలి. మూతిని ఒక పక్కకి కొద్దిగా తిప్పి వదలండి. గన్ ఉయ్యాలలా పక్కలకి జరగకుండా, ఉన్నచోటే అటూ ఇటూ తిరగాలి. పది ఊపులకి ఎంతసేపు పట్టిందో చూసి పదితో భాగించండి. వచ్చిన కాలాన్ని వర్గం చేసి గన్ బరువుతో గుణించండి. రెండు గన్‌లకీ ఈ సంఖ్యల్ని పోల్చండి. తాళ్ల పొడవు, ఎడం రెండింటికీ ఒకటే ఉంటే చాలు, వేరే సూత్రాలు అక్కర్లేదు.

బరువుతో గుణించడం మర్చిపోకండి. తాళ్ల మీద వేలాడేటప్పుడు బరువైన గన్‌ని గురుత్వాకర్షణ కూడా ఎక్కువ బలంతో వెనక్కి లాగుతుంది. అందుకే ఊపుల కాలం ఒక్కటే చూస్తే తప్పుదారి పడతాం.

స్కీట్_కొత్త

చేశాం. నా గన్ 3.7 కిలోలు, పది ఊపులకి 31 సెకన్లు. అతనిది 3.5 కిలోలు, 28 సెకన్లు. నాది 35.6, అతనిది 27.4 వచ్చింది. బరువులో తేడా ఆరు శాతం కూడా లేదు, తిప్పడంలో మాత్రం దాదాపు 30 శాతం! అతని గన్ బ్యాలెన్స్ కూడా పిన్‌కి ఒక సెంటీమీటరు ముందే ఉంది. వేలి మీద పెడితే రెండూ దాదాపు ఒకలాగే నిలబడుతున్నాయి.

పొడుగు చోక్‌లు తీసేసి మామూలువి వేసి మళ్లీ చూశాను, కాలం కొంచెం తగ్గింది. ఎడమ చెయ్యి కూడా వెనక్కి తెచ్చాను. రేంజ్‌లో రెండో క్లేకి బ్యారెల్ ఇప్పుడు సమయానికి చేరుతోంది, దాటిపోవడం కూడా తగ్గింది.

లోహిత

ట్రాప్ ఆడే రోజు పొడుగు చోక్‌లు మళ్లీ వేసుకోండి. ఒకే గన్‌తో రెండు ఆటలకీ అదే దారి. చోక్ మార్చాక గుళ్లు ఎక్కడ పడుతున్నాయో ప్యాటర్న్ ప్లేట్ (గుళ్లు పడ్డ తీరు చూసే పలక) మీద ఒకసారి తప్పకుండా చూసుకోండి. చోక్ మీద బిగింపు ఎంతో రాసున్న అక్షరాల్ని మాత్రమే నమ్మకండి.

స్కీట్_కొత్త

అలాగే. ఇంకొక్క సందేహం. మౌంట్ కోసం మాత్రం స్టాక్‌లో కొంచెం బరువు వెయ్యాలనే ఉంది, ఎందుకంటే బట్ కింద నుంచి ఎత్తేటప్పుడు ఎడమ చెయ్యి ఇంకా అలుస్తోంది. వడ్రంగి గారూ, ఎలా వెయ్యాలి?

తుపాకీ_వడ్రంగి

ఆ ఉద్దేశంతో అయితే వెయ్యండి, తప్పులేదు. కానీ కొద్దికొద్దిగా. మొదట 40 గ్రాములతో మొదలుపెట్టి ఒక రౌండ్ ఆడాక పెంచండి. ఎక్కువైతే మౌంట్‌లో మూతి పైకి లేచి, బట్ ఆలస్యంగా భుజానికి చేరుతుంది.

ప్యాడ్ విప్పితే స్టాక్ బోల్ట్ రంధ్రం కనపడుతుంది. అందులో వదులుగా గుళ్లు పోయకండి, ప్రతి షాట్‌కీ కదిలి గలగలమంటాయి. సీసం కడ్డీ ముక్కకి గుడ్డ చుట్టి, రంధ్రంలో బిగువుగా కూర్చునేలా తోసి, వెనక ఫోమ్ ముక్క పెట్టండి. జిగురు వద్దు. ఎప్పుడో ఒకనాడు స్టాక్ బోల్ట్ విప్పాల్సి వస్తుంది, అప్పుడు అది అడ్డు రాకూడదు. బరువుని ప్యాడ్ దగ్గర కాకుండా బోల్ట్ తల దాకా లోపలికి తోస్తే ప్రభావం మెత్తగా ఉంటుంది, ప్యాడ్ దగ్గరికి తెస్తే గట్టిగా ఉంటుంది. అంటే ఒకే ముక్కని ముందుకూ వెనక్కూ జరుపుతూ కూడా సరిచేసుకోవచ్చు. బ్లేజర్ ఎఫ్3 అనే గన్ స్టాక్‌లో పెట్టే బ్యాలెన్సర్ కూడా ఇలా వెనక బరువుని సరిచేసుకోవడానికే.

వేసే ముందు ఆ బోల్ట్ బిగుతు ఒకసారి చూడండి. అది వదులైతే స్టాక్ మెడ దగ్గర చెక్క పగులుతుంది, దానికి ఏ బరువూ మందు కాదు.